ఒంటి చెప్పుకు ఆధారం

మా ఇంట్లో ఎవరు ఏం చెప్పినా నా నోట్లోంచి వచ్చే మొదటి మాట "ఎవరన్నారు?" అని. రేపు పాలవాడు రాడట అంటే, ఎవరన్నారు? పక్కింటి కోడలు అలిగి వెళ్ళిపోయిందట అంటే, నువ్వు చూశావా, విన్నావా? ఇది నీ జబ్బు అంటుంది మా చెల్లెలు. జబ్బు కాదు, ఉద్యోగం. యూనివర్సిటీ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ జుట్టు నెరిసినదాన్ని. అందులోనూ నా పాలబడ్డవి ఫుట్‌నోట్లు. పైన ప్రొఫెసర్లు ఎన్ని కోతలైనా కోసుకోనీ, కింద చిన్నక్షరాల్లో ఆ ముక్క ఏ పుస్తకంలోది, ఏ పేజీలోది అని లేకపోతే మార్జిన్లో ఎర్రసిరాతో "ఆధారం?" అని రాసి తిప్పికొట్టేదాన్ని. నా వెనకాల నన్ను ఆధారమ్మ అనేవాళ్ళు. కొందరు నా ముందే అనేవాళ్ళు. నాకేం, పేరు బాగానే ఉంది.

రిటైరయ్యాక ఆ ఎర్రపెన్ను మా పిడుగు మీద పడింది. పిడుగంటే మా చెల్లెలి కూతురు. పుట్టగానే ఆస్పత్రి అదిరిపోయేలా ఏడ్చిందని వాళ్ళ తాత పెట్టిన పేరు, ఇప్పటికీ అతికినట్టు సరిపోతుంది. కాలేజీ దగ్గరని నా దగ్గరే ఉంటోంది. ఎమ్మే చివరి ఏడాది పరిశోధన పత్రం రాయాల్సి వచ్చి, ఏరి కోరి మా ఆయన పుస్తకం మీదకే వచ్చింది.

"పెదనాన్న రాసిన గోడ గురించే రాస్తాను పెద్దమ్మా" అంది.

"రాస్తే రాయి. కానీ పెదనాన్న రాశారు కదా అని కళ్ళు మూసుకుని ఎక్కించకు. వెళ్ళి గోడ చూసి రాయి" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. నా నోరు పడిపోనూ.

గోడ సంగతి చెప్పాలి. ఊరి చివర పాత కోటలో, నేలలోకి దిగే మెట్ల కింద ఒక పొడవాటి గది ఉంది. ఆ గది గోడ మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా మృత్యులోకం బొమ్మ. చచ్చిపోయిన వాళ్ళు వరసగా నల్లటి ఏరు దాటుతుంటారు. రాజు, కుమ్మరి, ముసలమ్మ, సిపాయి, అందరూ ఒకే వరస. అవతలి ఒడ్డున పెద్ద తలుపు, తలుపు ముందు కొండలాంటి కాపలావాడు. ఆ వరసలో ఒక తల్లి ఉంటుంది. పాత కథలో ఆవిడ చావలేదు. చచ్చిపోయిన బిడ్డని వెతుక్కుంటూ బతికుండగానే వచ్చి ఆ వరసలో దూరింది.

మా ఆయన బతికినన్నాళ్ళూ పురాణ చిత్రాల పాఠమే చెప్పారు. ఆ గోడ గురించి ఎవరు ఏం రాయాలన్నా ముందు ఆయన పుస్తకమే తియ్యాలి. అందులో పేరుమోసిన వాక్యం ఒకటుంది: "తల్లి ఎడమచేతిని పట్టుకుని నాలుగేళ్ళ పాప నడుస్తోంది; పాపకు ఒక కాలికే చెప్పు ఉంది." గది చీకటిగా ఉండి ఫొటో సరిగ్గా రాలేదని, పక్క పేజీలో ఆయనే చేత్తో గీసిన బొమ్మ వేశారు. పాప, పాప చెయ్యి, ఒంటి చెప్పు, అన్నీ ఉంటాయి అందులో.

ఆ ఒంటి చెప్పు మీద పండితులు చేసిన వ్యవసాయం అంతా ఇంతా కాదు. చెప్పున్న కాలు ఈ లోకానిది, లేని కాలు ఆ లోకానిది అన్నాడొకాయన. కాదు, చెప్పులు కుట్టేవాళ్ళ సంఘం వేయించిన బొమ్మ కాబట్టి అది వాళ్ళ గుర్తు అన్నాడింకొకాయన. ఒకావిడైతే ఆ చెప్పు మీదే డాక్టరేటు కొట్టేసింది. వీళ్ళందరికీ ఆధారం మా ఆయన పుస్తకం, లేదా దాన్ని ఆధారంగా చూపిన ఇంకో పుస్తకం. గోడ దాకా వెళ్ళినవాళ్ళు లేరనే అనుకున్నాను. ఎందుకు వెళ్తారు? ఆ గదికి ఎప్పుడూ తాళమే. అనుమతి తెచ్చుకోవాలంటే రెండు చెప్పులూ అరగాలి. పుస్తకం మాత్రం లైబ్రరీలో చేతికందే చోట ఉంటుంది.

మా పిడుగు కోట ఆఫీసు వాళ్ళ చెవిలో జోరీగలా చేరి, చచ్చీ చెడీ అనుమతి సంపాదించింది. టార్చి పట్టుకుని పొద్దున వెళ్ళి మధ్యాహ్నం తిరిగొచ్చింది. చేతులకి సున్నం, మోకాళ్ళకి దుమ్ము. గుమ్మంలోంచే "ఆకలి" అని కేకేసే పిల్ల, మంచినీళ్ళు కూడా అడక్కుండా కుర్చీలో కూలబడింది.

"ఏమే, కాపలావాడు లోపలికి రానివ్వలేదా?" అన్నాను.

నవ్వలేదు. "పెద్దమ్మా, ఒకటి చెప్తాను, తిట్టకు."

"ముందు చెప్పు. తిట్టాలో వద్దో తర్వాత చూద్దాం."

"గోడ మీద పాప లేదు."

నాకు బుర్రకెక్కలేదు. "ఏ పాప?"

"ఒంటి చెప్పు పాప. తల్లి ఉంది. ఎడమచెయ్యి వెనక్కి చాపి ఉంది. ఆ చేతిలో ఎవరూ లేరు."

"రంగు రాలిపోయి ఉంటుంది. ఎప్పటి గోడ అది!"

"నేనూ ముందు అదే అనుకున్నాను. టార్చి దగ్గర పెట్టి చూశాను. అక్కడ గచ్చు ఎక్కడా పెచ్చు లేవలేదు. ఏటి నీళ్ళకి గీసిన గీతలు తల్లి దగ్గర మొదలై వెనక సిపాయి కాళ్ళ దాకా తెగకుండా ఉన్నాయి. మధ్యలో పాప ఉండి ఉంటే ఆ గీతలు పాప దగ్గర ఆగాలి కదా. ఆగలేదు పెద్దమ్మా. అక్కడ ఎప్పుడూ ఎవర్నీ వెయ్యలేదు."

"ఎవరన్నారు?" అన్నాను. అలవాటు.

"ఎవరూ అనలేదు. నేనే చూశాను."

ఒళ్ళు మండిపోయింది నాకు. "నీవి కళ్ళా, బఠాణీ గింజలా? పెదనాన్న ఆ గదిలో నెలల తరబడి కూర్చుని రాశారు. నువ్వు పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి తేల్చేశావా? నిన్నగాక మొన్న పెన్ను పట్టావు, అప్పుడే పెదనాన్నకి తప్పులు దిద్దుతావా?" అని కడిగిపారేశాను. నేనొకటంటే తను నాలుగు అనే పిల్ల, ఒక్క మాట తిరిగి అనలేదు. తలొంచుకుని కూర్చుంది. దాంతో అది చెప్పింది నిజమేనేమోనని భయం పట్టుకుంది.

మాకొక కూతురుండేది. ఉండి పోయిందని పిడుగుకి తెలుసు, అంతకుమించి తెలీదు. ఈ ఇంట్లో ఆ ఊసు ఎవరూ ఎత్తరు. నాలుగేళ్ళది. రాత్రి వెచ్చబడిన ఒళ్ళు తెల్లారేసరికి కాలిపోతోంది. సాయంత్రం డాక్టరుకి చూపిద్దాంలే అని నేను ప్రెస్సుకి వెళ్ళాను. ఈలోపే పాపకి ఫిట్సు వచ్చి ఆయన ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తారు. నాకు కబురంది నేను వెళ్ళేసరికి పాప మీద దుప్పటి కప్పేశారు. దుప్పటి చిన్నదో, కప్పినవాళ్ళకి తొందరో, పాదాలు బయటికే ఉన్నాయి. ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది పరుగులో జారిపోయింది. తర్వాత మా గేటు పక్క మొక్కల్లో దొరికింది నాకు. నా అలమారలో ఉంది.

ఆ రోజు ఆయన నాతో ఒకే ఒక్క మాట చెప్పారు. "చివరిదాకా చెయ్యి పట్టుకునే ఉన్నాను. క్షణం కూడా వదల్లేదు." నేను ఆ మాట పట్టుకుని బతికాను. నేను లేకపోతేనేం, ఆయన ఉన్నారు. నా బిడ్డ ఒంటరిగా పోలేదు. అన్నం ముద్ద గొంతు దిగనప్పుడల్లా ఆ మాటే నీళ్ళలా తాగాను.

ఆ తర్వాతే ఆయన ఆ కోట గదిలో పడ్డారు. ఒకరోజు సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చుని, "ఆ గోడ మీద మన పాప ఉంది. ఒక కాలికే చెప్పు. తల్లి చెయ్యి పట్టుకుని వెళ్తోంది" అన్నారు. ఇద్దరం ఏడ్చాం. తీసుకెళ్తాను, చూద్దువుగాని అన్నారు. చూసి తట్టుకోలేను, రాను అన్నాను. ఆయన మళ్ళీ రమ్మనలేదు.

పుస్తకం ప్రూఫు నా బల్ల మీదికే వచ్చింది. ప్రతి ముక్కకీ కింద నంబరుంది, ఆధారం ఉంది. ఆ ఒక్క వాక్యానికి లేదు. చెయ్యి ఊరుకోదు కదా, మార్జిన్లో "ఆధారం?" అని రాశాను. ఆయన పక్కనే "కళ్ళారా చూశాను" అని రాసి పంపారు. ఇంకేం కావాలి? ఎప్పటి చిత్రకారుడికో మా పాప చెప్పు సంగతి ఎలా తెలిసిందని అప్పుడెవరైనా అడిగి ఉంటే వాళ్ళ పీక నొక్కి ఉండేదాన్ని.

ఆ వారంలోనే గొడుగు ఇంటికొచ్చాడు. గొడుగంటే పిడుగుకి గైడు, ఇప్పుడు శాఖకి పెద్ద. ఒకప్పుడు మా ఆయన శిష్యుడు. వానొచ్చినా రాకపోయినా మాస్టారి నెత్తిన గొడుగు పట్టుకుని వెనకాల నడిచేవాడని ఆ పేరు నేనే పెట్టాను. మా వంటింట్లో కూర్చుని తిన్నవాడు. ఆ రోజు చెప్పులైనా విడవకుండా గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"అమ్మా, మీ అమ్మాయి కొంప ముంచేలా ఉంది."

"లోపలికొచ్చి ఏడు. ఏం చేసింది?"

"మాస్టారి వాక్యం పెట్టి, కింద ఫుట్‌నోటులో 'గోడ మీద పాప బొమ్మ లేదు' అని రాసింది. ఎందుకమ్మా ఇదంతా? మాస్టారి పుస్తకం, పేజీ నంబరు వేస్తే సరిపోతుంది. ఎవరడుగుతారు?"

"నేనడుగుతాను. నీ థీసిస్సులో సగం ఆ చెప్పు గురించే కదా. నువ్వు గోడ చూశావా?"

అప్పుడు చెప్పులు విడిచాడు. "వెళ్ళానమ్మా. మాస్టారి పుస్తకం చేత్తో పట్టుకునే వెళ్ళాను. లోపల చీకటి, చేతిలో లాంతరు. ఆయన చెప్పిన చోటే చూశాను. ఉన్నట్టే అనిపించింది. మాస్టారు ఉందని రాశాక, లేదని నా కళ్ళు ఎలా అంటాయమ్మా?"

దులిపేద్దామనుకున్నాను. కానీ నేను వెళ్ళి ఉన్నా నాకూ కనిపించేదేమో.

"ఒక్కటి ఆలోచించండి" అన్నాడు గొంతు తగ్గించి. "ఈ పాప లేదని తేలితే ఇంకేమేం లేవోనని పుస్తకమంతా తవ్వుతారు. మాస్టారు కల్పించి రాశారంటారు. పోయిన మనిషి వచ్చి జవాబు చెప్పుకోలేరు. నా మాటంటారా, నా పరువు ఎటూ గంగలో కలుస్తుంది, అది వదిలెయ్యండి. మీరు చెప్తే అమ్మాయి వింటుంది. ఆ నోటు ఉంచితే మాత్రం నేను సంతకం పెట్టను. ఇంకో గైడుని వెతుక్కోవాలి. ఏడాది పోతుంది."

పిడుగు వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. "పెద్దమ్మ తీసెయ్యమంటే తీసేస్తాను సార్" అంది.

రాక్షసి. బరువంతా తెచ్చి నా నెత్తిన పెట్టింది.

"ముందు నేను చూడాలి. చూశాక చెప్తాను" అన్నాను.

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. మెట్లు నిటారుగా ఉన్నాయి, నా మోకాళ్ళు ఒప్పుకోలేదు. పిడుగు భుజం పట్టుకుని ఒక్కొక్కటే దిగాను. కోట మనిషి తాళం తీసి, గోడని ముట్టుకోవద్దని చెప్పి పైకెళ్ళిపోయాడు. గదంతా తడి సున్నం వాసన. పిడుగు టార్చి వెలిగించింది.

నేను ప్రూఫు చదివినట్టే చదివాను. ఈ కొస నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క బొమ్మ దగ్గరా ఆగి, తొందరపడకుండా. కుమ్మరి చేతికింకా మట్టి అంటుకుని ఉంది. ముసలమ్మ నవ్వుతోంది, ఎందుకో మరి. రాజుకి కిరీటం లేదు, కిరీటం ఉండాల్సిన చోట నుదుటి మీద గీత మాత్రం ఉంది. సిపాయి వచ్చాడు. సిపాయి ముందు తల్లి.

తల్లి మొహం తలుపు వైపు ఉంది. ఎడమచెయ్యి వెనక్కి చాచింది. వేళ్ళు విడిగా, వదులుగా ఉన్నాయి. ఎవరినో పట్టుకున్న చెయ్యిలా లేదు. ఎవరైనా వచ్చి పట్టుకుంటారేమోనని చాచినట్టుంది. ఆ చెయ్యి కింద నల్లటి నీళ్ళు, నీళ్ళ గీతలు, వాటి వెనక సిపాయి కాళ్ళు. పిడుగు చెప్పింది అక్షరాలా నిజం. మధ్యలో ఏమీ లేదు.

"దగ్గరగా పెట్టు" అన్నాను. పెట్టింది. "కిందికి." దించింది. "ఇంకా కిందికి." పాప తల ఎంత ఎత్తులో ఉంటుందో నాకు తెలుసు. నా నడుము దాకా వచ్చేది. ఆ ఎత్తులో చూశాను, పాదాలు ఉండాల్సిన చోట చూశాను. నా కళ్ళు బతిమాలుకున్నాయి. గోడ కరగలేదు.

"పెద్దమ్మా, పోదాం" అంది పిడుగు. నేనక్కడే చతికిలపడి ఏడ్చాను. పాప పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు, అప్పుడు పక్కన ఆయన ఉన్నారు. ఇన్నేళ్ళూ నా బిడ్డ ఆ చీకట్లో ఎవరో ఒక తల్లి చెయ్యి పట్టుకుని నడుస్తోందనుకున్నాను. ఎవరూ పట్టుకోలేదు.

ఆయన మీద కోపం రాలేదు. ఆ ఖాళీ చెయ్యి చూసి ఓర్చుకోలేక, మహానుభావుడు, నాకోసం మా పాపని తెచ్చి అందులో పెట్టారు అనుకున్నాను.

ఇంటికొచ్చాక పిడుగు నాకు టీ ఇచ్చి, తన కాగితాలు తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. "ఆ నోటు తీసేస్తున్నా పెద్దమ్మా. పెదనాన్న వాక్యం కూడా వాడను. ఆ తల్లి జోలికే పోను. సార్ సంతకం పెట్టేస్తారు, గొడవ వదిలిపోతుంది."

"నోర్ముయ్. ఆ గోడ మీద రాస్తూ ఆ తల్లిని వదిలేస్తావా? నా ఇంట్లో కూర్చుని?"

"పెదనాన్నని అబద్ధాలకోరంటారు."

"లేదని మాత్రమే రాసి వదిలేస్తే అంటారు. ఎందుకు రాశారో కూడా రాయి. అప్పుడు ఏమంటారో అననీ. ఏడాది పోతే ఉంటావా?"

"పోతే పోయింది" అంది. నా మొహం చూడకుండా కాగితాలు సర్దుకుంది. చిన్నపిల్ల, తోటివాళ్ళంతా ముందుకెళ్ళిపోతారు, దానికి తెలీదా.

నేను లేచి అలమార తీశాను. చీరల వెనక నుంచి ఆ చెప్పు తెచ్చి కాగితాల మీద పెట్టాను. నీలం రబ్బరుది, రంగు పోయింది, పక్కన చిన్న బకిలీ. చాచిన నా చెయ్యంత ఉంది, అంతే.

"ఒంటి చెప్పుకు ఆధారం ఇదిగో. రాసుకో" అన్నాను.

పిడుగు దాన్ని ముట్టుకోలేదు. చాలాసేపు చూసింది. ఒక్కసారిగా అర్థమై మొహం పాలిపోయింది. నేను పాప సంగతి చెప్పాను. అన్నీ చెప్పాను. కళ్ళు తుడుచుకుంటూనే పెన్ను తీసింది. నేను నేర్పినట్టే అడగడం మొదలుపెట్టింది. ఏ మాట ఎవరిది, ఎవరు చూశారు, ఎవరు విన్నారు.

"పాప పోయింది ఎక్కడ?"

"ఆస్పత్రిలో."

"ఒక కాలికే చెప్పుందని ఎవరు చూశారు?"

"నేనే. కళ్ళారా."

రాసుకుంది. "ఆధారం చెప్పినవాళ్ళ దగ్గర ఏమని రాయను? రచయిత భార్య అని రాయనా?"

"పాప తల్లి అని రాయి."

రాసింది. "పోయేటప్పుడు నువ్వు పక్కన ఉన్నావా?"

"లేను. ప్రెస్సులో ఉన్నాను. పెదనాన్న ఉన్నారు. చివరిదాకా చెయ్యి పట్టుకునే ఉన్నారు."

పెన్ను సగంలో ఆగింది. తలెత్తకుండా, మెల్లగా అడిగింది.

"ఎవరన్నారు పెద్దమ్మా?"

"పెదనాన్నే."

"ఇంకెవరైనా చూశారా?"

నేను ఆ చెప్పు చేతిలోకి తీసుకున్నాను. నెలల తరబడి ఆ మనిషి గోడ మీది ఆ ఖాళీ చెయ్యి ఎదురుగా కూర్చున్నారు. ఆ గదిలో ఎన్ని బొమ్మలు లేవు? రాజున్నాడు, కుమ్మరి ఉన్నాడు, వాళ్ళని ఉన్నది ఉన్నట్టే రాశారు. ఆ ఒక్క చెయ్యే ఖాళీగా ఉంచలేకపోయారు. పాప చెయ్యి వదలని మనిషే అయితే, గోడ మీద లేని పాపని తెచ్చి ఆ చెయ్యి ఎందుకు పట్టించారు? నాకు కబురు పంపడానికి బయటికి వెళ్ళారేమో. డాక్టరు కోసం పరిగెత్తారేమో. ఎంతసేపు? వార్డులో ఆ మంచం మీద నా పాప చెయ్యి చాచిందేమో. ఇవన్నీ అడగడానికి ఆయన లేరు. ఉన్నా, కళ్ళారా చూశాను అనే అంటారు.

"పెద్దమ్మా? ఈ ముక్క ఉంచనా?"

చల్లారిపోయిన టీ పక్కకి జరిపాను. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నేళ్ళు బతికాను, దేవుడా.

"వద్దు" అన్నాను. "దానికి ఆధారం లేదు. కొట్టెయ్యి."